పిల్లల కోసం ప్లాన్ చేస్తున్నారా? మూడు నెలల ముందే ఇద్దరూ చేయించుకోవాల్సిన పరీక్షలు

మన ఇళ్లలో డాక్టర్ దగ్గరికి వెళ్లడమనేది నెల తప్పాకే మొదలవుతుంది. నెల తప్పిన వారానికో పది రోజులకో ఇంట్లోనే స్ట్రిప్ పెట్టి చూసుకుంటారు. ఇంకో వారం ఆగి అమ్మకు చెప్తారు. మంచిరోజు చూసుకుని ఆసుపత్రికి వెళ్లేసరికి రెండో నెల దాటిపోతుంది. ఈలోపు కడుపులో ఏం జరిగిపోయిందో చూడండి. బిడ్డకు మెదడుగా, వెన్నుపాముగా మారే న్యూరల్ ట్యూబ్ అనే గొట్టం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుపోతుంది. పీరియడ్స్ 28 రోజులకోసారి వచ్చే ఆమెకు లెక్కేస్తే, నెల తప్పిన రెండు వారాలకే ఆ పని ముగిసిపోతుంది. గుండె కొట్టుకోవడం కూడా అప్పటికే మొదలవుతుంది. డాక్టర్ ఫోలిక్ యాసిడ్ రాసిచ్చే రోజుకి, ఆ మాత్ర అన్నిటికంటే ఎక్కువగా అవసరమైన సమయం దాటిపోయి ఉంటుంది.

అందుకే ఆసుపత్రికి మొదటిసారి వెళ్లాల్సింది ప్రయత్నం మొదలుపెట్టడానికి మూడు నెలల ముందు. అదీ ఇద్దరూ కలిసి. మూడు నెలలు అనడానికి కారణాలున్నాయి. ఫోలిక్ యాసిడ్ కనీసం నెల ముందు నుంచి, వీలైతే మూడు నెలల ముందు నుంచి వేసుకోవాలి. రుబెల్లా టీకా వేయించుకుంటే నెల రోజులు గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. షుగర్ అదుపులో ఉందో లేదో చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష గత రెండు మూడు నెలల సగటును చూపిస్తుంది. మగవాళ్లలో వీర్యకణం తయారవడానికే సుమారు 74 రోజులు పడుతుంది కాబట్టి, ఈరోజు సిగరెట్ మానేస్తే ఫలితం రెండున్నర నెలల తర్వాతే కనిపిస్తుంది.

ఇది చదివేసరికే నెల తప్పి ఉంటే కంగారు పడొద్దు. ఫోలిక్ యాసిడ్ ఈరోజే మొదలుపెట్టి, ఈ వారంలోనే డాక్టర్‌ను కలవండి. కింద చెప్పే పరీక్షల్లో చాలావరకు అప్పుడు కూడా చేయించుకోవచ్చు.

ముందుగా ఇంట్లో రెండు కాగితాలు రాసుకోండి

ఓపీలో డాక్టర్ మీకు ఇవ్వగలిగే సమయం తక్కువ. అక్కడికి వెళ్లి గుర్తు తెచ్చుకుందాం అనుకుంటే సగం మర్చిపోతారు.

మొదటి కాగితం మీ ఇద్దరి ఆరోగ్యం గురించి. భార్య వైపు నుంచి గత ఆరు నెలల పీరియడ్స్ తేదీలు, ఇంతకుముందు గర్భాలు, అబార్షన్లు, ఆపరేషన్లు, ఎప్పుడైనా వచ్చిన ఫిట్స్, టీబీ, కామెర్లు, గుండె జబ్బు, రక్తం ఎక్కించుకున్న సందర్భాలు రాయండి. భర్త వైపు నుంచి కూడా ఇవన్నీ రాయండి. వాటితోపాటు చిన్నప్పుడు వృషణాలు కిందికి దిగక ఆపరేషన్ చేశారా, వయసొచ్చాక గవదబిళ్లలు వచ్చి వృషణాలు వాచాయా అన్నవి కూడా ఉండాలి. ఇవి భర్తకే గుర్తుండకపోవచ్చు, వాళ్లమ్మను అడిగితే చెప్తారు. ఇద్దరూ వాడే మందుల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకోండి. ఆయుర్వేదం పొడి, హోమియో గుళికలు, జిమ్‌లో ఇచ్చే డబ్బాలు, మొటిమలకు వాడే క్రీమ్... ఇవి మందులు కావులే అని వదిలేయొద్దు.

రెండో కాగితం కుటుంబం గురించి. ఇద్దరి వైపూ మూడు తరాలు గీయండి. మీరు, మీ తోబుట్టువులు, అమ్మానాన్నలు, వాళ్ల తోబుట్టువులు, వాళ్ల పిల్లలు, తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ. ఇక్కడ ఓపిక కావాలి. చిన్నప్పుడే పోయిన బిడ్డల గురించి మన ఇళ్లలో మాట్లాడరు. "మీకు ఎంతమంది పిల్లలు అమ్మమ్మా" అంటే బతికున్న వాళ్లనే లెక్క చెప్తారు. మెల్లగా అడిగితే "మీ అమ్మ తర్వాత ఇంకొకడు పుట్టాడు, ఏడాది నిండకుండానే దిష్టి తగిలి పోయాడు" అనే మాట బయటికి వస్తుంది. దిష్టి అన్నా, గాలి సోకిందన్నా సరే, వాదించకుండా రాసుకోండి. ఎన్ని నెలలప్పుడు పోయాడు, పాలు తాగేవాడా, మెడ నిలబెట్టాడా, ఫిట్స్ వచ్చేవా, ఒళ్లు పాలిపోయిందా అని అడగండి. మాటలు రాని పిల్లలు, వినికిడి లేనివాళ్లు, నెలనెలా రక్తం ఎక్కించుకునేవాళ్లు, పదేళ్ల లోపే నడవలేకపోయిన మగపిల్లలు ఎవరైనా ఉన్నారేమో అడగండి. జన్యు వైద్యులకు ఈ కాగితం ఒక స్కానింగ్ రిపోర్టంత విలువైనది.

డాక్టర్‌తో మొదటి మాట ఇలా చెప్పండి

"మేం పిల్లల కోసం ప్లాన్ చేస్తున్నాం. ఇంకా ప్రయత్నం మొదలుపెట్టలేదు. ముందుగా చేయించుకోవాల్సిన పరీక్షలు చెప్పండి." ఇంత స్పష్టంగా చెప్పాలి. లేదంటే పిల్లలు కలగక వచ్చారనుకుని ఆ దారిలో పరీక్షలు మొదలవుతాయి. పెళ్లై రెండేళ్లు అయిందని చెప్పి, మధ్యలో జాగ్రత్తలు తీసుకున్నామని చెప్పకపోతే కచ్చితంగా అలాగే జరుగుతుంది.

ఇంకో సంగతి. పెళ్లికి ముందు అబార్షన్ అయి ఉండొచ్చు, ఏదైనా జబ్బుకు చికిత్స తీసుకుని ఉండొచ్చు, అది భర్తకు తెలియకపోవచ్చు. దాచిపెడితే వైద్యం దెబ్బతింటుంది. "డాక్టర్‌గారూ, రెండు నిమిషాలు మీతో విడిగా మాట్లాడాలి" అని అడిగే హక్కు ఆమెకు ఉంది, అలాగే భర్తకూ ఉంది. అది అడిగినంత మాత్రాన అనుమానించాల్సిన పని ఇద్దరిలో ఎవరికీ లేదు. రిపోర్టులు కూడా మీ ఇద్దరి మధ్యే ఉండనివ్వండి. ఎవరి రిపోర్టులో ఏం వచ్చినా మన ఊళ్లలో చివరికి మాట పడేది కోడలే. ఆ అవకాశం ఎవరికీ ఇవ్వకండి.

ఇప్పటికే వాడుతున్న మందుల సంగతి

రక్తపరీక్షల కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. కొన్ని మామూలు మందులే గర్భంలోని బిడ్డకు హాని చేస్తాయి. బీపీకి చాలామంది వాడే టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ గర్భంతో పనికిరావు. వాటి బదులు లాబెటలాల్, నిఫెడిపిన్ లాంటివి ఉన్నాయి. మొటిమలకు వేసుకునే ఐసోట్రెటినోయిన్ మాత్రలు ఆపాక కనీసం నెల రోజులు గర్భం రాకూడదు. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు ఇచ్చే మెథోట్రెక్సేట్‌ను సాధారణంగా మూడు నెలల ముందే ఆపిస్తారు. ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ వల్ల బిడ్డకు వెన్నుపాము లోపాలు, ఎదుగుదల సమస్యలు వచ్చే ప్రమాదం ఎక్కువ. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్లు కూడా డాక్టర్‌కు చూపించాల్సినవే.

అయితే వీటిలో ఏదీ మీ అంతట మీరు ఆపొద్దు. ముఖ్యంగా ఫిట్స్ మందులు. మందు ఆపాక వచ్చే ఫిట్స్ తల్లి ప్రాణానికే ముప్పు. రాసిన డాక్టర్ దగ్గరికి వెళ్లి "పిల్లల కోసం ప్లాన్ చేస్తున్నాం, మార్చాలా?" అని అడగండి. మందు మార్చి, అది కుదురుకున్నాకే ప్రయత్నం మొదలుపెట్టాలి. డిప్రెషన్‌కు, టెన్షన్‌కు మందులు వాడేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. వాటిలో గర్భంతో కొనసాగించదగినవి ఉన్నాయి, సిగ్గుపడి దాచొద్దు.

మగపిల్లాడు పుట్టడానికని ఊళ్లలో ఇచ్చే పసర్లు, పొడులు దగ్గరికి కూడా రానివ్వకండి. వాటిలో ఏం కలుపుతారో ఎవరికీ తెలియదు. గర్భం రాకముందు చేసే లింగ ఎంపిక కూడా పీసీపీఎన్‌డీటీ చట్టం (లింగ నిర్ధారణ, లింగ ఎంపికలను నిషేధించే చట్టం) కింద నేరమే.

ఫోలిక్ యాసిడ్ ఎంత వేసుకోవాలి

మామూలుగా అయితే రోజుకు 400 మైక్రోగ్రాములు సరిపోతుంది. ఇంతకుముందు వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టినవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు, ఫిట్స్ మందులు వాడేవాళ్లకు డాక్టర్లు ఎక్కువ మోతాదు ఇస్తారు. మన మందుల షాపుల్లో ఎక్కువగా దొరికేది 5 మిల్లీగ్రాముల మాత్ర. అది 400 మైక్రోగ్రాములకు పన్నెండు రెట్ల పైమాటే. అందుకే షాపులో ఇచ్చింది తెచ్చుకోకుండా మీకు ఏది కావాలో డాక్టర్‌తో రాయించుకోండి. మాంసం, గుడ్లు ముట్టనివాళ్లు, చాలాకాలంగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్లు బీ12 కూడా చూపించుకోవాలి. బీ12 తక్కువగా ఉన్నప్పుడు ఒక్క ఫోలిక్ యాసిడే ఎక్కువ మోతాదులో వేసుకుంటే ఆ లోపం రక్తపరీక్షలో బయటపడకుండా ఉండిపోతుంది. నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి.

సీబీపీ రిపోర్టును హిమోగ్లోబిన్ దగ్గరే ఆపేయకండి

మన ల్యాబుల్లో సీబీపీ అనే పరీక్ష అందరికీ తెలిసిందే. రిపోర్టు రాగానే అందరూ చూసేది హిమోగ్లోబిన్ అంకె ఒక్కటే. గర్భం లేని మహిళకు అది 12 ఉండాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే మీకు తక్కువగా రావడం వింతేమీ కాదు. ఐరన్ మాత్రలతో మూడు నెలల్లో చాలావరకు సరిచేసుకోవచ్చు. గర్భం వచ్చాక వాంతులతో ఐరన్ వేసుకోవడం కంటే ఇప్పుడే వేసుకోవడం తేలిక.

కానీ అదే కాగితంపై కింద ఉండే అంకెలు ఇంకో కథ చెప్తాయి. ఒక రిపోర్టు ఇలా ఉందనుకోండి: హిమోగ్లోబిన్ 10.6, ఆర్‌బీసీ కౌంట్ (ఎర్రకణాల సంఖ్య) 5.7, ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం) 62, ఎంసీహెచ్ (ఒక్కో కణంలో ఉండే హిమోగ్లోబిన్) 18.6. హిమోగ్లోబిన్ చూసి ఐరన్ రాసిస్తారు. ఆరు నెలలు వాడినా పెరగదు. మళ్లీ ఇంకో బ్రాండ్ ఐరన్ రాస్తారు. ఇక్కడ గమనించాల్సింది ఆర్‌బీసీ కౌంట్. ఐరన్ లోపంలో ఎర్రకణాలు చిన్నవి అవడంతోపాటు వాటి సంఖ్య కూడా సాధారణంగా తగ్గుతుంది. ఈ రిపోర్టులో కణాలు బాగా చిన్నవి, కానీ సంఖ్య ఎక్కువ. ఎంసీవీని ఆర్‌బీసీ కౌంట్‌తో భాగిస్తే సుమారు 11 వస్తుంది. 13 కంటే తక్కువ వస్తే తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారవని వంశపారంపర్య రక్త జబ్బు) మైనర్, అంటే ఆ జన్యులోపాన్ని మోసే క్యారియర్, అయ్యుండొచ్చని అనుమానించాలి. ఇది అనుమానమే, నిర్ధారణ కాదు. నిర్ధారణకు హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష ఉంది. అందులో హెచ్‌బీఏ2 అనే రకం హిమోగ్లోబిన్ సాధారణంగా 3.5 శాతం దాటితే ఆమె తలసీమియా క్యారియర్. ఐరన్ బాగా తక్కువగా ఉంటే ఈ హెచ్‌బీఏ2 తగ్గి కనపడొచ్చు, మూడు నెలల్లోపు రక్తం ఎక్కించుకుని ఉంటే రిపోర్టు తప్పుదారి పట్టించొచ్చు. ఆ సంగతి ల్యాబులో ముందే చెప్పండి.

క్యారియర్ అంటే జబ్బు మనిషి అని కాదు. జీవితమంతా ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోతుంది. చిక్కల్లా భర్త కూడా క్యారియర్ అయినప్పుడే. అప్పుడు ప్రతి గర్భంలోనూ బిడ్డకు తలసీమియా మేజర్ వచ్చే అవకాశం 25 శాతం. "మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదు" అనే లెక్క ఇక్కడ పనిచేయదు, ప్రతిసారీ అదే 25 శాతం. తలసీమియా మేజర్ ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఒంట్లో పేరుకున్న ఐరన్‌ను తీయడానికి జీవితాంతం మందులు వాడాలి. రక్తం సంచి పట్టుకుని కూర్చునే ఆ పసిపిల్లలను, వాళ్ల అమ్మానాన్నలను చూసినవాళ్లెవరూ ఈ పరీక్ష అనవసరం అనరు.

ఇద్దరూ క్యారియర్లని తేలినా పిల్లలను వదులుకోవాల్సిన పని లేదు. గర్భం వచ్చాక 10 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకు జబ్బు ఉందో లేదో చూడొచ్చు. దానికి ముందుగా ఇద్దరి రక్తంలో ఏ జన్యులోపం ఉందో తెలిసి ఉండాలి, ఆ పని ఇప్పుడే చేయించుకోవాలి. డబ్బు ఇబ్బందిగా ఉంటే ముందు ఒక్కరికే హెచ్‌పీఎల్‌సీ చేయించండి. ఆ ఒక్కరికి లేదని తేలితే బిడ్డకు మేజర్ వచ్చే భయం ఉండదు. ఉందని తేలితే రెండో వాళ్లు వెంటనే చేయించుకోవాలి.

అదే పరీక్షలో సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) కూడా తెలుస్తుంది. రెండు రాష్ట్రాల్లోని ఏజెన్సీ ప్రాంతాల వాళ్లకు, అక్కడి మూలాలున్న వాళ్లకు ఇది తప్పనిసరి అనుకోండి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. కార్డు ఉంటే ఇద్దరివీ పక్కపక్కన పెట్టి ఏఎన్‌ఎంకు చూపించండి. ఒకరు సికిల్ సెల్ క్యారియర్, ఒకరు తలసీమియా క్యారియర్ అయినా బిడ్డకు జబ్బు రావొచ్చు.

మిగతా రక్తపరీక్షలు

బ్లడ్ గ్రూప్ ఇద్దరికీ చూడాలి. భార్య నెగెటివ్, భర్త పాజిటివ్ అయితే భయపడాల్సింది ఏమీ లేదు, కానీ మర్చిపోకూడదు. గర్భంతో 28 వారాలప్పుడు ఒకసారి, బిడ్డ పాజిటివ్ గ్రూప్‌తో పుడితే 72 గంటల్లోపు మరోసారి, బిడ్డ రక్తానికి వ్యతిరేకంగా తల్లి ఒంట్లో యాంటీబాడీలు పుట్టకుండా, యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు. ఇంతకుముందు అబార్షన్ అయి అప్పుడు ఈ ఇంజెక్షన్ ఇవ్వకపోతే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. ఆ యాంటీబాడీలు ఇప్పటికే ఉన్నాయేమో చూడటానికి ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ అనే పరీక్ష చేస్తారు.

షుగర్ విషయంలో పరగడుపు పరీక్షతోపాటు హెచ్‌బీఏ1సీ చేయించుకోండి, ముఖ్యంగా బరువు ఎక్కువున్నవాళ్లు, పీసీఓడీ ఉన్నవాళ్లు, ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు. ఇప్పటికే షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీని 6.5 లోపుకు తెచ్చుకున్నాకే ప్రయత్నించాలి. 10 దాటి ఉంటే అది తగ్గేదాకా గర్భం రాకుండా చూసుకోవడమే మేలు. బిడ్డ గుండె, వెన్నెముక ఏర్పడే తొలి వారాల్లో తల్లి రక్తంలో షుగర్ ఎక్కువగా ఉంటే ఆ అవయవాల్లో లోపాలు వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది. కంటి రెటీనా, కిడ్నీ పరీక్షలు కూడా అప్పుడే చేయించుకోవాలి.

థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ చాలు. ఇప్పటికే మాత్ర వేసుకుంటున్నవాళ్లకు ప్రయత్నానికి ముందు అది 2.5 లోపు ఉండేలా డాక్టర్ డోసు సరిచేస్తారు. ఆ మాత్ర పరగడుపున వేసుకోవాలని అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ నాలుగు గంటల తేడా ఉండాలన్న సంగతి. పొద్దున్నే అన్ని మాత్రలూ కలిపి మింగేస్తే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు.

ఇక ఇన్ఫెక్షన్లు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్‌కు చేసే వీడీఆర్‌ఎల్, ఈ నాలుగూ ఇద్దరికీ. భార్యకు మాత్రమే చేసి పంపించేస్తే సగం పనే అయినట్టు. హెచ్‌ఐవీ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో ఉచితం, వివరాలు బయటికి చెప్పరు. పాజిటివ్ వచ్చినా మందులు సరిగ్గా వాడి వైరస్‌ను అణిచి ఉంచుకున్న దంపతులు ఆరోగ్యవంతమైన బిడ్డను కంటున్నారు. హెపటైటిస్ బీ ఒకరికి ఉంటే రెండో వాళ్లకు టీకా వేయిస్తారు, తల్లికి ఉంటే బిడ్డకు పుట్టిన కొన్ని గంటల్లోనే టీకా, ఇమ్యునోగ్లోబులిన్ రెండూ ఇస్తారు. ముందే తెలిస్తే అన్నీ సిద్ధంగా ఉంటాయి.

తెలంగాణలో ప్రభుత్వ ఆసుపత్రి డాక్టర్ రాసిచ్చే రక్తపరీక్షలు టీ-డయాగ్నస్టిక్స్ ద్వారా ఉచితంగా జరుగుతాయి. ఏ ఊళ్లోనైనా ముందు మీ పీహెచ్‌సీలో అడిగి, అక్కడ లేనివి మాత్రమే బయట చేయించుకోండి. పెద్ద పెద్ద ప్యాకేజీలు కొనొద్దు.

టీకాలు

రుబెల్లా పెద్దవాళ్లకు వస్తే రెండు రోజుల జ్వరం, ఒంటిమీద దద్దుర్లు, అంతే. గర్భం తొలి మూడు నెలల్లో వస్తే మాత్రం బిడ్డకు చెవుడు, కంటిలో శుక్లం, గుండెలో లోపం రావొచ్చు. ఏపీ, తెలంగాణల్లో ప్రభుత్వం మీజిల్స్ రుబెల్లా టీకా ప్రచారాన్ని 2017 ఆగస్టులో నిర్వహించింది, అదీ 9 నెలల నుంచి 15 ఏళ్లలోపు పిల్లలకే. అప్పటికే 15 దాటినవాళ్లకు, అంటే ఇప్పుడు పిల్లల కోసం ప్లాన్ చేస్తున్న చాలామందికి, ప్రైవేటుగా వేయించుకుంటే తప్ప ఈ టీకా అంది ఉండదు. ఒంట్లో రుబెల్లాను అడ్డుకునే యాంటీబాడీలు ఉన్నాయో లేదో చెప్పే రుబెల్లా ఐజీజీ పరీక్ష చేయించుకోండి. నెగెటివ్ వస్తే ఎంఎంఆర్ టీకా (మీజిల్స్, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి వేసేది) వేయించుకుని నెల రోజులు ఆగండి. చికెన్‌పాక్స్ ఎప్పుడూ రానివాళ్లు ఆ టీకా కూడా తీసుకోవచ్చు. రెండు డోసులు, చివరి డోసు తర్వాత నెల రోజులు ఆగాలి. "అమ్మవారు పోసింది" అని ఇంట్లో చెప్తే అది చికెన్‌పాక్సేనా, తట్టా అని అడిగి తెలుసుకోండి.

హెపటైటిస్ బీ టీకా మూడు డోసులు ఆరు నెలలు పడుతుంది. అవి పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు, గర్భంతో ఉన్నా వేయించుకోవచ్చు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా సగంలో ఉండగా గర్భం వస్తే మిగతా డోసులు కాన్పు తర్వాతే.

మేనరికం చేసుకున్నవాళ్లకు

మేనమామను, మేనబావను చేసుకోవడం మనకు కొత్త కాదు. దీన్ని తప్పుపట్టడానికి నేను ఇది రాయడం లేదు. పెళ్లి అయిపోయింది, ఇప్పుడు చేయగలిగింది చూద్దాం. మేనబావా మరదళ్లకు సగటున జన్యువుల్లో ఎనిమిదో వంతు ఒకటే ఉంటాయి. మేనమామా మేనకోడళ్లకు నాలుగో వంతు. ఏ జంటకైనా బిడ్డకు పుట్టుకతో తీవ్రమైన లోపం వచ్చే అవకాశం వందకు రెండు మూడు ఉంటుంది. మేనబావను చేసుకుంటే అది సుమారు రెట్టింపు అవుతుంది. మేనమామ అయితే ఇంకొంచెం ఎక్కువ. అంటే మేనరికంలో కూడా పుట్టే బిడ్డల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉంటారు. కానీ మీ కుటుంబంలో ఒక జబ్బు ఇప్పటికే కనిపించి ఉంటే లెక్క పూర్తిగా మారిపోతుంది.

అందుకే మొదట గీసిన కుటుంబ పటం తీసుకుని జన్యు వైద్యులను కలవండి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ జన్యు పరీక్షల్లో పేరున్న ప్రభుత్వ సంస్థ. మీకో, మీ అక్కకో, మీ పిన్నికో జబ్బున్న బిడ్డ ఉంటే ఆ బిడ్డ రిపోర్టులే అన్నిటికంటే ముఖ్యం. ఏ జన్యువులో ఏ లోపమో ఆ బిడ్డలో తెలిస్తే, మీ ఇద్దరిలో అది ఉందో లేదో చూడటం తేలిక. బిడ్డ బతకలేదనుకోండి, పాత ఫైళ్లు, ల్యాబులో దాచిన నమూనా ఏమైనా ఉన్నాయేమో అడగండి. బాధను గుర్తుచేసే కాగితాలని కాల్చేసేవాళ్లు ఉంటారు. వద్దు, దాచిపెట్టండి. ఇంట్లో ఏ చరిత్రా లేకపోయినా, వందల జన్యువులను ఒకేసారి చూసే క్యారియర్ పరీక్షలు ఇప్పుడు వచ్చాయి. ఖర్చు ఎక్కువ. జెనెటిక్ కౌన్సెలింగ్ అయ్యాకే అవి అవసరమో కాదో నిర్ణయించుకోండి.

భర్తలు చేయాల్సినవి

"నాకేం, నేను బాగానే ఉన్నా" అని బయట బండి మీద కూర్చునే భర్తలు ఇప్పటికీ చాలామంది. లోపలికి వెళ్లండి. మీ బీపీ, షుగర్, ఇన్ఫెక్షన్ల పరీక్షలు, హెచ్‌పీఎల్‌సీ, బ్లడ్ గ్రూప్ ఇవన్నీ ఆమె రిపోర్టులతో కలిపి చూడాల్సినవే.

సిగరెట్, గుట్కా, ఖైనీ ఈ మూడు నెలల్లోనే మానేయాలి. మద్యం కూడా. జిమ్‌లో కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటుంటే వెంటనే డాక్టర్‌కు చెప్పండి. బయటి నుంచి ఆ హార్మోన్ అందితే వృషణాలు తమ పని ఆపేస్తాయి, వీర్యకణాలు సున్నాకు పడిపోవచ్చు, ఆపాక కోలుకోవడానికి నెలలు పడుతుంది. బట్టీల దగ్గర, బాయిలర్ల దగ్గర పనిచేసేవాళ్లకు, రోజంతా లారీ సీట్లో కూర్చునేవాళ్లకు వేడి వల్ల కణాలు తగ్గొచ్చు. పత్తి, మిర్చి చేలల్లో పురుగుమందు కొట్టేవాళ్లు మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, ఇంటికి రాగానే స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతుక్కోవాలి. భార్య ఆ బట్టలు ఉతకడం గానీ, మందు కలపడం గానీ వద్దు.

వీర్యపరీక్ష అందరికీ ముందే అవసరం లేదు. పైన చెప్పిన ఆపరేషన్లు, గవదబిళ్లల చరిత్ర, క్యాన్సర్ చికిత్స, వరికోసీల్ (వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం) ఉన్నవాళ్లు మాత్రం ఇప్పుడే చేయించుకోవాలి. పరీక్షకు రెండు నుంచి ఏడు రోజుల ముందు నుంచి కలయిక ఉండకూడదు. ఒక్క రిపోర్టు చూసి కుంగిపోవద్దు. నెల కిందట జ్వరం వచ్చినా కౌంట్ తగ్గుతుంది, మళ్లీ చేయించాకే నిర్ణయం.

డబ్బు ఎక్కడ మిగుల్చుకోవచ్చు

టార్చ్ ప్యానెల్ (గర్భంలోని బిడ్డకు సోకగల కొన్ని ఇన్ఫెక్షన్లకు కలిపి చేసే రక్తపరీక్ష) అని రాస్తే ఎందుకని అడగండి. రుబెల్లా ఐజీజీ తప్ప అందులో మిగతావి మామూలు జంటకు అక్కర్లేదు. సీఎంవీ, టాక్సోప్లాస్మా ఐజీజీ పాజిటివ్ అంటే ఎప్పుడో వచ్చి పోయిందని అర్థం. ఆ ఎర్ర గుర్తు చూసి ఇళ్లలో ఏడుపులు, అనవసరంగా వారాల తరబడి మందులు. అలాగే అండాల నిల్వ చెప్పే ఏఎంహెచ్ పరీక్ష, సహజంగా గర్భం వస్తుందో రాదో చెప్పలేదు. ప్రయత్నమే మొదలుపెట్టనివాళ్లు దాన్ని చూసి టెన్షన్ పడటం దండగ. రెండు అంతకంటే ఎక్కువ అబార్షన్లు అయినవాళ్ల సంగతి వేరు. వాళ్లకు యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్షలు (రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీబాడీల కోసం చేసేవి), గర్భసంచి స్కానింగ్, కొందరిలో ఇద్దరి క్రోమోజోముల పరీక్ష అవసరమవుతాయి.

పీరియడ్స్‌లో విపరీతమైన నొప్పి, ఎక్కువ రక్తస్రావం, నెలలు తప్పిపోవడం లాంటివి ఉంటే కటి స్కానింగ్ చేయించుకోండి. 30 దాటినవాళ్లు పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పసిగట్టే పరీక్ష) ఇప్పుడే చేయించుకుంటే మంచిది. పంటి ఎక్స్‌రేలు, రూట్ కెనాల్ లాంటివి కూడా ఇప్పుడే ముగించుకోండి. రెండు వారాలు మించి దగ్గు ఉంటే టీబీ పరీక్ష చేయించుకోవాలి.

బరువు గురించి ఒక్క మాట. మన వాళ్లకు బీఎంఐ 23 దాటితేనే అధిక బరువు కింద లెక్క. పీసీఓడీ ఉన్నవాళ్లు మొత్తం తగ్గక్కర్లేదు, ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో అండం విడుదల దారికొస్తుంది. 70 కిలోలున్న ఆమెకు అది మూడున్నర కిలోల నుంచి ఏడు కిలోలు.

ప్రయత్నం మొదలుపెట్టాక

అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు గర్భం వచ్చే సమయం. రెండు మూడు రోజులకోసారి కలిస్తే లెక్కలు వేసుకోవాల్సిన అవసరమే రాదు. వందలో 80కి పైగా జంటలకు ఏడాదిలోపు గర్భం వస్తుంది. "విశేషమా?" అని ప్రతి ఫంక్షన్‌లో అడిగేవాళ్లకు జవాబు చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. భార్య వయసు 35 లోపు అయితే ఏడాది, దాటితే ఆరు నెలలు చూసి అప్పుడు ఇద్దరూ కలిసి డాక్టర్‌ను కలవండి. పీరియడ్స్ సరిగ్గా రానివాళ్లు అంతకాలం ఆగొద్దు.

నెల తప్పి స్ట్రిప్‌లో రెండు గీతలు వస్తే ఆ వారంలోనే డాక్టర్‌కు ఫోన్ చేయండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకు సాధారణంగా డోసు పావు వంతు నుంచి మూడో వంతు దాకా పెంచాలి, అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఆగితే ఆలస్యమవుతుంది. షుగర్ మందులు వాడేవాళ్లూ అంతే. ఇంతకుముందు ట్యూబులో గర్భం వచ్చినవాళ్లు ఆరో వారంలోనే స్కానింగ్ చేయించుకోవాలి. పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, రక్తస్రావం ఉంటే రాత్రయినా సరే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఫోలిక్ యాసిడ్ 12 వారాలు నిండేదాకా ఆపొద్దు. ఇద్దరి రిపోర్టులూ ఒకే ఫైల్లో పెట్టి, మొదటి పేజీలో బ్లడ్ గ్రూపులు, హెచ్‌పీఎల్‌సీ ఫలితం, రుబెల్లా టీకా తేదీ రాసుకోండి. కాన్పుకు పుట్టింటికి వెళ్లి డాక్టర్ మారినప్పుడు ఆ ఫైల్ మీతోపాటు తీసుకెళ్లండి.